ఇంట్లో గిటార్ రిపేరు: ఆకురాయి పట్టే ముందు కొలతలు

నేను మొదట బాగుచేయబోయింది నా సొంత గిటారే. పన్నెండో ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టు) దగ్గర తీగలు మరీ ఎత్తుగా ఉండేవి, ఒకే వేలితో తీగలన్నీ నొక్కే బారే కార్డ్ పట్టాలంటే వేళ్లు కోసుకుపోయేవి. బ్రిడ్జి (బాడీ మీద తీగల చివరలు బిగించే చెక్క) మీద తీగలు ఆనే తెల్లటి ముక్కను, అంటే సాడిల్‌ను, కాస్త అరగదీస్తే తీగలు దిగుతాయి కదా అనుకున్నాను. అరగదీశాను. వారం తర్వాత తెలిసింది, సాడిల్‌లో ఏ తప్పూ లేదు, నెక్, అంటే గిటార్ మెడ, ముందుకు వంగి ఉంది. నెక్ లోపలి కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను, తిప్పి నెక్‌ను సరిచేయగానే తీగలన్నీ ఫ్రెట్ల మీదకి వాలిపోయాయి. ఎక్కడ మీటినా జర్రుమనే చప్పుడే. చివరికి కొత్త ఎముక ముక్క తెచ్చి సాడిల్ మళ్లీ చెక్కుకోవాల్సి వచ్చింది.

ఆ రోజు నుంచి ఒక వరుస పెట్టుకున్నాను. ముందు తేమ, తర్వాత నెక్ వంపు, తర్వాత నట్ (నెక్ పై చివర తీగలు ఆనే గాడుల ముక్క), ఆ తర్వాతే సాడిల్. గిటార్‌లో ఒక కొలత మారితే దాని తర్వాతి కొలతలన్నీ మారతాయి. అందుకే ఈ వరుస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాలి, పైగా తీసేసిన చెక్క, ఎముక తిరిగి రావు.

ఇంకో సంగతి మనసులో పెట్టుకోండి. 12-53 సైజు (సన్న, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) స్టీలు తీగల సెట్టును శ్రుతి చేస్తే ఆరు తీగలు కలిసి సుమారు 73 కేజీల బలంతో లాగుతాయి. మన ఇళ్లలోకి వచ్చే పాతిక కేజీల బియ్యం సంచులు మూడు అనుకోండి. ఆ బరువంతా మూడు మిల్లీమీటర్ల మందం కూడా లేని పై పలక మీద, ఒక సన్నటి నెక్ మీద పగలూ రాత్రీ పడుతూనే ఉంటుంది. మనం చూసే రిపేర్లలో చాలా వాటికి మూలం ఈ లాగుడే. మిగతావాటికి వాతావరణం.

సామాను

ఖరీదైన సామాను ఏదీ మొదట్లో అక్కర్లేదు. బైక్ స్పేర్ పార్టుల షాపులో ఫీలర్ గేజ్ (సన్న సందులు కొలిచే పలుచటి రేకుల కట్ట) అడగండి. ట్యాపెట్ సందు చూడటానికి మెకానిక్‌లు వాడేదే, మనకు అచ్చంగా సరిపోతుంది. అర మిల్లీమీటరు గీతలున్న స్టీలు స్కేలు, ఎలెన్ కీల సెట్టు, తేమ చూపించే చిన్న డిజిటల్ మీటర్, నెక్ మీద తీగలన్నిటినీ నొక్కి పట్టే ఒక కాపో, క్లిప్ ట్యూనర్ కావాలి. నట్ గాడులు కోయడానికి అసలైన ఆకురాళ్ల ధర ఎక్కువ. మొదట్లో గ్యాస్ వెల్డింగ్ నాజిళ్లు శుభ్రం చేసే సన్న పుల్లల సెట్టుతో పని జరుగుతుంది, హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది.

నిటారుగా ఉండే ఒక పొడవాటి పట్టీ కూడా కావాలి. 45 సెంటీమీటర్లు ఉంటే చాలు. అది నిజంగా నిటారుగా ఉందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. కాగితం మీద దాని అంచు వెంబడి సన్నగా గీత గీయండి. పట్టీని తిరగేసి అదే అంచుతో అదే గీత మీద మళ్లీ గీయండి. రెండు గీతలు ఒక్కటైతే పట్టీ మంచిదే. మధ్యలో విడిపోతే షాపుకి తిరిగి ఇచ్చేయండి.

వీటన్నిటికంటే ముఖ్యమైనది ఒక నోటు పుస్తకం. తేదీ, తేమ శాతం, కొలతలు. ప్రతి గిటార్‌కీ ఒక పేజీ.

మొదటి అడుగు: గిటార్‌ను ఊరికే ఉంచడం

గిటార్లకు తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే హాయి. వానాకాలంలో విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో తేమ అంతకంటే చాలా ఎక్కువ. చెక్క ఉబ్బుతుంది, పై పలక పైకి పొంగుతుంది, దాంతో బ్రిడ్జి, తీగలు లేస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లోనో, రోజంతా ఏసీ నడిచే గదిలోనో దీనికి పూర్తిగా వ్యతిరేకం. పలక లోపలికి దిగుతుంది, నెక్ చెక్క కుంచించుకుపోయి ఫ్రెట్ల చివరలు అరచేతికి గుచ్చుకుంటాయి. అమెరికాలో చలికాలం హీటర్ వేసుకునే మనవాళ్ల ఇళ్లలోనూ ఇదే జరుగుతుంది, ఇంకా తీవ్రంగా.

కాబట్టి తేమ సరిలేని గిటార్ మీద ఆకురాయి పెట్టకండి. ఎండిపోయిన దానికైతే, సబ్బు పెట్టెకు చిల్లులు పెట్టి, తడిపి గట్టిగా పిండిన స్పాంజి అందులో ఉంచి, గిటార్‌తో పాటు కేసులో మూయండి. రెండు మూడు రోజులకోసారి స్పాంజి తడపండి. ఉబ్బిన దానికైతే కేసులో సిలికా జెల్ పొట్లాలు వేయండి. ఒకటి రెండు వారాలు ఓపిక పట్టండి. తీగలు ఎత్తుగా ఉన్నాయని తెచ్చిన గిటార్లు కొన్ని ఏ పనీ చేయకుండా ఇలా ఉంచినందుకే దారికొచ్చాయి.

రెండో అడుగు: కొలతలు

కొత్త తీగలు వేసి, మామూలుగా వాయించే శ్రుతికి తెచ్చాకే కొలవాలి. తీగలు వదులుగా ఉన్నప్పుడు తీసిన కొలతకు అర్థం లేదు.

నెక్ వంపు: మొదటి ఫ్రెట్ దగ్గర కాపో పెట్టండి. లావు తీగను, నెక్ బాడీతో కలిసే చోట, అంటే చాలా గిటార్లలో పద్నాలుగో ఫ్రెట్ దగ్గర నొక్కండి. ఇప్పుడు ఆ తీగే మీ కొలబద్ద. ఆరో ఏడో ఫ్రెట్ పైన, తీగకు ఫ్రెట్‌కు మధ్య ఫీలర్ గేజ్ దూర్చండి. 0.15 నుంచి 0.30 మిల్లీమీటర్లు ఉంటే బాగున్నట్టు. తీగ ఊగడానికి ఆ కాస్త వంపు ఉండాలి, నెక్ పూర్తిగా నిటారుగా ఉండటం మనకు అక్కర్లేదు.

నట్: కాపో తీసేయండి. ప్రతి తీగనూ రెండు, మూడు ఫ్రెట్ల మధ్య నొక్కి, మొదటి ఫ్రెట్ పైన సందు చూడండి. జిరాక్స్ కాగితం మందం, అంటే 0.1 మిల్లీమీటరు ఉంటే సరి. అసలు సందే లేకపోతే గాడి లోతైపోయింది. బాగా ఎక్కువ ఉంటే ఎఫ్ కార్డ్ పట్టలేక మీరు పడుతున్న బాధకు కారణం అదే కావచ్చు.

పన్నెండో ఫ్రెట్: ఏమీ నొక్కకుండా, ఫ్రెట్ పైభాగం నుంచి తీగ అడుగు వరకు. లావు తీగకు 2.3 నుంచి 2.5, సన్న తీగకు 1.7 నుంచి 1.9 మిల్లీమీటర్లు చాలామందికి నప్పుతాయి. గట్టిగా స్ట్రమ్ చేసేవాళ్లకు కాస్త ఎక్కువ కావాలి.

ఇక నెక్ కోణం. పట్టీని ఫ్రెట్ల మీద పొడవునా పెట్టి బ్రిడ్జి వైపు జరపండి. దాని చివర బ్రిడ్జి చెక్క పైఅంచును తాకుతూ పోవాలి. బ్రిడ్జి ముఖానికి కొట్టుకుని చాలా కిందకి దిగితే నెక్ కోణమే పోయింది. దానికి నెక్ ఊడదీసి మళ్లీ బిగించాలి. అది ఇంట్లో మొదటి ఏడాది చేసే పని కాదు, అనుభవం ఉన్నవాళ్లకే ఇవ్వండి.

చివరగా ఒక కాగితం అంచును బ్రిడ్జి వెనకవైపు కిందకి తోసి చూడండి. లోపలికి పోతే బ్రిడ్జి లేస్తోంది. ఫోన్‌లో టార్చ్ వేసి, వీడియో ఆన్ చేసి, తీగలు వదులు చేసి, సౌండ్ హోల్‌లోంచి లోపల అంతా తిప్పండి. ఊడిన బ్రేసులు, అంటే పలకకు లోపలివైపు అంటించిన ఊత బద్దలు, ఆ వీడియోలో కనిపిస్తాయి. కనిపించకపోతే పై పలకను వేలితో మెల్లగా తట్టుకుంటూ వెళ్లండి. ఒకచోట టపటపమని వదులుగా మోగితే దాని కింద బ్రేస్ ఊడినట్టే.

చప్పుడు ఎక్కడొస్తే తప్పెక్కడ

నొక్కకుండా మీటినప్పుడు మాత్రమే తీగ జర్రుమంటే నట్ గాడి లోతైంది. మొదటి ఐదు ఫ్రెట్లలో వస్తే నెక్ వంపు చాలలేదు, కొన్నిసార్లు వెనక్కి వంగి ఉంటుంది. పన్నెండు దాటాక వస్తే సాడిల్ తక్కువైంది, లేదా బాడీ కలిసే చోట ఫింగర్‌బోర్డు ఉబ్బింది. ఒకే ఒక్క చోట వస్తే దాని తర్వాతి ఫ్రెట్ పైకి లేచింది. ఎక్కడ నొక్కినా ఒకే రకం చప్పుడు వస్తుంటే ఫ్రెట్లను వదిలేసి వదులు బ్రేసో, ట్యూనర్ మీద వదులు నట్టో, బ్రిడ్జి పిన్నో వెతకండి.

నెక్, నట్, సాడిల్

ట్రస్ రాడ్ అంటే నెక్ లోపల ఉండే ఇనుప కడ్డీ. దీన్ని సర్దుబాటు చేసే పద్ధతికి గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ 1921లో పేటెంట్‌కు దరఖాస్తు చేశాడు. నెక్‌ను తీగలు ఒకవైపు లాగుతుంటే, ఈ కడ్డీ రెండోవైపు లాగుతుంది. సవ్యదిశలో, అంటే గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పితే బిగుస్తుంది, వంపు తగ్గుతుంది. దానికి ఎదురు దిశలో తిప్పితే వంపు పెరుగుతుంది. ఒకసారికి పావు చుట్టు, అంతే. శ్రుతి మళ్లీ సరిచూసి, కొలిచి, అవసరమైతే ఇంకో పావు. సరిగ్గా పట్టే కీ మాత్రమే వాడండి. వదులు కీతో కడ్డీ చివరి మర నట్టు మూలలు అరిగిపోతే ఆ గిటార్‌కు పెద్ద రిపేరు వచ్చిపడుతుంది. బాగా బిగుసుకుని తిరగనంటే బలం పెట్టకండి, అక్కడే ఆపేయండి.

నెక్ కుదిరాక నట్. ప్రతి గాడినీ హెడ్‌స్టాక్ (తీగలు చుట్టే తల భాగం) వైపు కొంచెం వాలుగా కోయాలి. తీగ ఫింగర్‌బోర్డు వైపు అంచు దగ్గర ఆనాలి, లేకపోతే శ్రుతి తేడా కొడుతుంది, సితార్ తీగలాగా సన్నటి రొద కూడా వస్తుంది. నాలుగుసార్లు రుద్దడం, తీగ వేసి చూడటం, మళ్లీ నాలుగుసార్లు. తొందర పనికిరాదు. పొరపాటున లోతైపోతే ఎముక పొడి గాడిలో నింపి ఒక చుక్క ఫెవిక్విక్ వేయండి, గట్టిపడ్డాక మళ్లీ కోసుకోవచ్చు. ఆ ఆవిరి కళ్లకు, ముక్కుకు తగలకుండా కిటికీ దగ్గర చేయండి.

సాడిల్‌కు ఒక లెక్క ఉంది. పన్నెండో ఫ్రెట్ తీగకు సరిగ్గా సగంలో ఉంటుంది కాబట్టి, అక్కడ ఎంత తగ్గించాలో దానికి రెట్టింపు సాడిల్ దగ్గర తీయాలి. ఇప్పుడు 3.3 ఉంది, 2.4 కావాలి, తేడా 0.9. అంటే సాడిల్ అడుగు నుంచి 1.8 మిల్లీమీటర్లు. పెన్సిల్‌తో గీత గీసి, అద్దం ముక్క మీద సాండ్ పేపర్ అంటించి, సాడిల్‌ను నిటారుగా పట్టుకుని రుద్దండి. గీతకు కాస్త ముందే ఆపి, బిగించి చూసుకోండి. అడుగు చదునుగా లేకపోతే ధ్వని చచ్చిపోతుంది, కింద పికప్ ఉన్న గిటార్లలో ఒక తీగ గట్టిగా, ఒకటి మెల్లగా వినిపిస్తుంది.

ఫ్రెట్లు

వీణ చేసేవాళ్లకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. వీణ మెట్లు ఇరవై నాలుగూ మైనం దిమ్మె మీద కూర్చుంటాయి, మేళం, అంటే మెట్ల అమరిక, తప్పితే కరిగించి మళ్లీ కట్టుకోవచ్చు. గిటార్ ఫ్రెట్ చెక్కలో కోసిన గాడిలోకి దిగగొట్టి ఉంటుంది. అందుకే పైకి లేచిన ఫ్రెట్‌ను ముందు మెల్లగా కొట్టి కూర్చోబెట్టడానికే చూడాలి. అరగదీయడం ఆ తర్వాతి మాట.

ఏది లేచిందో తెలుసుకోవడానికి పాత స్టీలు స్కేలును చిన్న చిన్న ముక్కలుగా కోసుకోండి. మూడు ఫ్రెట్ల మీద ఆనే పొడవున్న ముక్కను అంచు మీద నిలబెట్టి అటూ ఇటూ ఊపితే, మధ్య ఫ్రెట్ ఎత్తుగా ఉన్నచోట తూగుతుంది.

అన్నీ సమం చేయాల్సి వస్తే తీగలు తీసేసి, ట్రస్ రాడ్‌తో నెక్‌ను పూర్తి నిటారుకి తెచ్చి, ఫింగర్‌బోర్డు అంతా మాస్కింగ్ టేపు అంటించండి. ఫ్రెట్ల నెత్తిన మార్కర్ పూయండి. నిటారు పట్టీకి 400 నంబరు సాండ్ పేపర్ అంటించి, బరువు వేయకుండా పొడవునా రుద్దండి. అన్ని ఫ్రెట్ల మీదా మార్కర్ రంగు చెరిగిన క్షణం ఆపేయాలి. ఇప్పుడు నెత్తి చదునైంది కాబట్టి సన్న ముక్కోణపు ఆకురాయితో పక్కలు గుండ్రం చేసి, మధ్యలో ఒక సన్నటి గీత మాత్రం తాకకుండా మిగల్చండి. తర్వాత 600, 1000, 2000 సాండ్ పేపర్లతో మెరుగు. ఈ పనికి నాకు ఇప్పటికీ ఒక పూట పడుతుంది.

లేచిన బ్రిడ్జి

మన ఎండల్లో ఎక్కువగా చూసే జబ్బు ఇదే. మే నెలలో అద్దాలు మూసిన కారులో గిటార్‌ను వదిలేస్తే జిగురు మెత్తబడుతుంది, తీగలు మాత్రం లాగుతూనే ఉంటాయి. అలా వచ్చిన గిటార్లలో చాలా వాటికి అప్పటికే ఎవరో సందులోకి ఫెవిక్విక్ పోసి ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి. దుమ్ము, పాత జిగురు మీద పడిన కొత్త జిగురు పట్టదు, తర్వాత శుభ్రంగా ఊడదీయడానికీ లొంగదు.

తీగలు, పిన్నులు, సాడిల్ తీసేయండి. బ్రిడ్జి సైజుకు కంత కోసిన అట్టకు అల్యూమినియం ఫాయిల్ చుట్టి, పై పలకను కప్పేయండి. బ్రిడ్జి మీద గుడ్డ వేసి ఇస్త్రీపెట్టెను మధ్యస్థ వేడిలో కొద్ది నిమిషాలు ఆనించండి. సుమారు 65, 70 డిగ్రీల దగ్గర పసుపు జిగురు పట్టు వదులుతుంది. మొద్దు అంచున్న పలుచటి స్టీలు బద్దను వెనకనుంచి మెల్లగా తోయండి. ఆగిపోతే మళ్లీ వేడి చేయాలి తప్ప బలం పెట్టకూడదు. పెడితే పై పలక స్ప్రూస్ చెక్క నార బద్ద వెంట లేచి వచ్చేస్తుంది. అలా లేస్తే దిశ మార్చి రెండోవైపు నుంచి రండి.

ఊడాక రెండు ముఖాల మీదా పాత జిగురు పూర్తిగా పోవాలి. పదునైన ఉలిని నిలువుగా పట్టి గీకండి. పై పలక కొంచెం గుండ్రంగా పొంగి ఉంటుంది, బ్రిడ్జి అడుగు దానికి సరిగ్గా నప్పాలి. బ్రిడ్జి ఉండే చోట సాండ్ పేపర్‌ను, రుద్దే ముఖం పైకి వచ్చేలా పరిచి టేపు వేసి, దాని మీద బ్రిడ్జిని రుద్దితే అడుగు అదే వంపు తెచ్చుకుంటుంది. బ్రిడ్జి కింద పలక మీద పాలిష్ పొర ఉంటే అక్కడ తీసేయాలి. జిగురు చెక్కను చెక్కకే పడుతుంది.

జిగురు ఎంపికలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. మామూలు తెల్ల ఫర్నిచర్ జిగురు కుర్చీకి చాలు, దీనికి చాలదు. ఆరాక కూడా అది లోపల కాస్త మెత్తగానే ఉంటుంది, ఎడతెగని లాగుడు కింద మెల్లమెల్లగా జారుతుంది. టైట్‌బాండ్ ఒరిజినల్ లాంటి పసుపు జిగురు, లేదా పాత వడ్రంగులు వజ్రం అని పిలిచే జంతుచర్మపు జిగురు వాడండి. ఈ రెండూ వేడికి మళ్లీ లొంగుతాయి. ఇరవై ఏళ్ల తర్వాత ఈ గిటార్‌ను ఇంకొకరు విప్పాల్సి వస్తే వాళ్లకు దారి మిగలాలి.

జిగురు లేకుండా ఒకసారి మొత్తం బిగించి చూసుకోండి. రెండు చివరి పిన్ను రంధ్రాల్లో మైనం పూసిన బోల్టులు వేస్తే బ్రిడ్జి జారదు. సౌండ్ హోల్‌లోంచి అందేంత లోతున్న సీ క్లాంపులు మూడు కావాలి, లోపల బ్రేసులకు తగలకుండా కోసిన చెక్క ముక్క అడుగున ఉండాలి. బ్రిడ్జి రోజ్‌వుడ్‌దైతే ఆ చెక్కలో నూనె ఉంటుంది కాబట్టి జిగురు పూసే ముందు దాని ముఖాన్ని తాజాగా గీకి, అసిటోన్‌తో తుడవండి. జిగురు పలుచగా పూసి, బిగించి, అంచుల నుంచి వచ్చిన పూసలను తడి గుడ్డతో తుడిచేయండి. క్లాంపులు 24 గంటలు, తీగలు ఇంకో 24 గంటల తర్వాత.

పై పలక చీలితే

ముందు తేమ ఎక్కించండి. సన్న చీలిక దానంతటదే మూసుకుంటుంది. తర్వాత జిగురు దాని మీద వేసి, వేలితో రుద్దుతూ లోపలికి దించండి. లోపలివైపు, రెండు మిల్లీమీటర్ల మందం స్ప్రూస్ ముక్కలు వజ్రాకారంలో కోసి, వాటి నార చీలికకు అడ్డంగా ఉండేలా అంటించండి. నార చీలిక వెంబడే ఉంటే ఆ ముక్క కూడా అక్కడే చీలుతుంది.

తయారుచేయాలనుకుంటే

ఐదారు గిటార్లు బాగుచేశాక చేతులు ఆగవు. మొదటిదిగా నెక్‌ను స్క్రూలతో బిగించే ఎలక్ట్రిక్ గిటార్ చేయండి. పలుచటి పలకలు వంచే పని ఉండదు, నెక్ కోణం తప్పితే విప్పి సరిచేసుకోవచ్చు.

చెక్క విషయంలో మనకు కొదవ లేదు. బొబ్బిలి వీణలు పనస చెక్కతో చేస్తారు, దాంతో గిటార్ బాడీ కూడా చక్కగా వస్తుంది. ప్రపంచమంతా గిటార్ల వెనక పలకకు, ఫింగర్‌బోర్డుకు వాడే ఇండియన్ రోజ్‌వుడ్ మన జిట్రేగి చెట్టే. ఇది ఉన్న డాల్బెర్జియా ప్రజాతిలో, అంతకుముందే మొదటి అనుబంధంలో ఉన్న బ్రెజిలియన్ రోజ్‌వుడ్ తప్ప, జాతులన్నీ 2017 నుంచి సైటీస్ (అంతరించే ప్రమాదమున్న మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే) ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. పూర్తయిన వాయిద్యాలకు 2019లో మినహాయింపు వచ్చింది కానీ పచ్చి పలకలు దేశం దాటించాలంటే అనుమతులు కావాలి. విదేశాల్లోని స్నేహితుడికి పలక పంపేముందు ఇది గుర్తుంచుకోండి. దీని పొడి కొందరికి చర్మం మీద, ఊపిరితిత్తుల్లో అలర్జీ తెస్తుంది, ఎన్95 మాస్కు లేకుండా కోయకండి.

కట్టెల అడితిలో ఎండిందని చెప్పిన చెక్కను నమ్మి వెంటనే కోయకండి. ఇంట్లో గాలి తగిలేచోట ఉంచి, వారానికోసారి వంటింటి తూకం మీద తూచి ముక్క మీదే రాయండి. బరువు తగ్గడం ఆగిన తర్వాతే అది మీ ఇంటి గాలికి అలవాటు పడినట్టు.

ఫ్రెట్ల దూరం లెక్క ఇది. నట్ నుంచి సాడిల్ వరకు పొడవును 17.817తో భాగిస్తే మొదటి ఫ్రెట్ దూరం వస్తుంది. మిగిలిన పొడవును మళ్లీ 17.817తో భాగిస్తే మొదటి ఫ్రెట్ నుంచి రెండోదాని దూరం, అలా ముందుకు. 648 మిల్లీమీటర్ల గిటార్‌కు నట్ నుంచి దూరాలు ఇలా వస్తాయి: మొదటి ఫ్రెట్ 36.37, రెండోది 70.70, మూడోది 103.10, ఐదోది 162.55, ఏడోది 215.51, పన్నెండోది 324. గెలీలియో తండ్రి, సంగీత శాస్త్రజ్ఞుడు విన్సెంజో గెలీలీ 1581లో 18:17 నిష్పత్తిని సూచించాడు. లెక్కకు అది సులువే, కానీ 18తో భాగిస్తూ పోతే ఇదే గిటార్‌లో పన్నెండో ఫ్రెట్ 321.6 దగ్గర ఆగుతుంది. ఆ రెండు మిల్లీమీటర్ల పైచిలుకు తేడా చెవికి తెలిసిపోతుంది.

ప్రతి ఫ్రెట్‌నూ నట్ నుంచే కొలిచి గుర్తు పెట్టండి. ఒక ఫ్రెట్ నుంచి పక్క ఫ్రెట్‌కు కొలుచుకుంటూ వెళితే చిన్న తప్పులు పోగై పైకి వెళ్లేకొద్దీ పెరుగుతాయి. సాడిల్‌ను మాత్రం సరిగ్గా 648 దగ్గర పెట్టకూడదు. తీగను నొక్కినప్పుడు అది కాస్త సాగి స్వరం పెరుగుతుంది, అందుకే రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి, లావు తీగ వైపు ఇంకొంచెం వెనక్కి ఉండాలి. పన్నెండో ఫ్రెట్ మీద తీగను వేలితో తాకీ తాకకుండా ఉంచి మీటి (దీన్నే హార్మోనిక్ అంటారు), అదే చోట నొక్కి మీటి, రెండూ ట్యూనర్‌లో చూడండి. నొక్కిన స్వరం ఎక్కువ చూపిస్తే సాడిల్ ఇంకా వెనక్కి జరగాలి.

తీగలన్నీ వేసి శ్రుతి చేశాక ఆ రాత్రికి కొత్త గిటార్‌ను స్టాండు మీద వదిలేయండి. తెల్లారి చూస్తే తీగలు శ్రుతి దిగి ఉంటాయి, నెక్ ఫీలర్ గేజ్‌కు రాత్రి కంటే ఎక్కువ సందు చూపిస్తుంది. కంగారు పడకండి, మొదటిసారి బరువు మోసిన చెక్క కుదురుకుంటోంది. మళ్లీ శ్రుతి చేసి, ట్రస్ రాడ్ పావు చుట్టు బిగించి, కొత్త కొలత పుస్తకంలో పాతదాని కింద రాయండి. మూడు రోజుల పాటు రోజూ ఇలా చేశాకే నట్ గాడులు చివరి లోతుకు కోయండి.